వెదురులా కనిపించే పింగాణీ: చైనా పండితుల రాతబల్ల మీది చెక్కడపు వస్తువులు

పురాతన వస్తువుల వేలం పట్టికల్లో, మ్యూజియం చీటీల మీద ‘చెక్కిన పింగాణీ కుంచెల పాత్ర’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. అది చదవగానే దంతాన్నో రాతినో తొలిచినట్టు గట్టి పింగాణీని ఎవరో ఉలితో చెక్కారన్న ఊహ కలుగుతుంది. జరిగింది అది కాదు. సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలి గట్టిపడిన పింగాణీ మీద మామూలు ఉక్కు చాకుతో గీత పడటమే కష్టం. కత్తి పని అంతా మట్టి ఇంకా మట్టిగా ఉన్నప్పుడే, అంటే పింగాణీ పుట్టకముందే, ముగిసిపోవాలి. ఈ వస్తువుల చుట్టూ ఉన్న గందరగోళంలో సగం ఈ సంగతి మరచిపోవడం వల్లనే వస్తుంది. మిగతా సగం అవి వెదురులా, దంతంలా, లక్కపనిలా వేషం వేయడం వల్లా, వాటి అడుగున ఉన్న పేర్లను మనం తొందరపడి నమ్మడం వల్లా వస్తుంది.

ముందుగా బల్ల సంగతి చూడాలి. చైనాలో రాత కుంచెతో సాగింది. సిరా సీసాలో సిద్ధంగా ఉండేది కాదు. మసిని జిగురుతో కలిపి కడ్డీగా ఎండబెట్టి, మన ఇళ్లలో గంధపు చెక్కను సాన మీద అరగదీసినట్టే, రాతి సాన మీద కొద్దిపాటి నీళ్లతో అరగదీసి అప్పటికప్పుడు తయారు చేసుకునేవారు. కుంచె, సిరా కడ్డీ, కాగితం, సాన అనే ఈ నాలుగింటినీ ‘రాతగది నాలుగు నిధులు’ అని గౌరవించారు. తాటాకు మీద ఘంటంతో గీసి, ఆ తర్వాత గీతల్లో మసి నింపే మన పాత పద్ధతిలో రాసే వేళ తడి అన్నదే లేదు కనుక లేఖకుడికి పెద్దగా పరికరాల పరివారం అక్కరలేకపోయింది. తడి కుంచెకు మాత్రం అడుగడుగునా ఒక తోడు కావాలి.

సాన మీద నీళ్లు ఒక్కసారిగా ఒలికితే సిరా పలచబడిపోతుంది కాబట్టి చుక్కలుగా వదిలే పాత్ర ఒకటి కావాలి. దాని పనితీరు సులువైనదే: నీళ్లు కారడానికి ఒక రంధ్రం, గాలి చొరబడటానికి మరొకటి ఉంటాయి, గాలి రంధ్రాన్ని వేలితో మూస్తే చుక్క ఆగుతుంది, వేలు తీస్తే మళ్లీ పడుతుంది. అది వద్దనుకున్నవారు బుల్లి గరిటెతో ముంచుకునే చిన్న నీటి కుండను వాడారు. రాస్తూ ఆలోచనలో పడితే తడి కుంచెను ఆనించడానికి కొండల వరుస ఆకారంలో ఒక ఆనిక, పని ముగిశాక కుంచెను కడగడానికి ఒక వెడల్పు గిన్నె, ఆరిన కుంచెలను నిలబెట్టడానికి గొట్టం లాంటి ఒక పాత్ర ఉండేవి. నిలువు వరుసలను కుడి నుంచి ఎడమకు రాస్తారు కనుక కుడి చేయి అప్పుడే రాసిన తడి అక్షరాల మీదుగా ఉండాల్సి వస్తుంది. ముంజేయి, అంగీ చేతి అంచు వాటిని తాకకుండా కింద పెట్టుకునే వంపు పలక ఇంకొకటి. చివరగా ముద్ర వేయడానికి ఇంగిలీకాన్ని ఆముదంతోనూ నారతోనూ కలిపి చేసిన ఎర్రని ముద్ద కావాలి. ఆ నూనెను పీల్చుకోకుండా, ముద్ద ఎండిపోకుండా కాపాడే డబ్బీకి పింగాణీ కంటే తగినది దొరకడం కష్టం.

అంటే ఈ వస్తువుల్లో కొన్నింటికి పింగాణీ నిజంగా అవసరమైన పదార్థం, మరికొన్నింటికి అది కేవలం ఒక ఎంపిక. నీళ్లకు, నూనెకు సంబంధించిన డబ్బీలు, గిన్నెలు మొదటి రకం. కుంచెల పాత్ర, ముంజేతి పలక రెండో రకం. అవి అసలు వెదురుతో, చెక్కతో చేసే వస్తువులు. అన్నిటికంటే ముఖ్యమైన సానకు పింగాణీ దాదాపు పనికిరాదు, ఎందుకంటే నున్నని గాజుపూత మీద కడ్డీ అరగదు. సుయి, తాంగ్ వంశాల కాలంలో (581–907) కాల్చిన మట్టితో చేసిన గుండ్రని సానలు ఉన్నాయి గాని, అరగదీసే మధ్యభాగాన్ని పూత లేకుండా వదిలేశారు. చెక్కడపు పనితనం ఎక్కువగా రెండో రకం వస్తువుల మీదే కేంద్రీకృతమైందన్న సంగతిని గుర్తుంచుకుంటే ముందు వచ్చే విషయం తేలికగా అర్థమవుతుంది.

ఎందుకు వెదురు? మింగ్ వంశపు చివరి దశలో సుఝోవ్ నగరానికి చెందిన వెన్ జెన్‌హెంగ్ (1585–1645) అనే పండితుడు ఇంటి వస్తువుల అభిరుచి గురించి రాసిన గ్రంథంలో కుంచెల పాత్రకు మచ్చల వెదురు, తాటిజాతి చెట్టు చెక్క శ్రేష్ఠమని చెప్పాడు. ఎనిమిది పలకలుగా గాని పువ్వు ఆకారంలో గాని ఉన్నవి కూడదన్నాడు. మట్టితో చేసినవాటిలో వెదురు కణుపుల రూపంలో ఉన్న పాత తెల్లని దింగ్ పాత్రలు (ఉత్తర చైనాలోని దింగ్ బట్టీలలో చేసినవి) అన్నిటికంటే విలువైనవని, పెద్దవి మాత్రం దొరకడం కష్టమని కూడా అదే చోట రాశాడు. ఇది చాలా విలువైన సాక్ష్యం. పింగాణీ వెదురును అనుకరించడం పడిపోయిన అభిరుచికి గుర్తు అని కొందరు విమర్శకులు తేలికగా తీసిపారేస్తారు గాని, అభిరుచి విషయంలో అంత కఠినంగా మాట్లాడిన మనిషే ఆ అనుకరణను అగ్రస్థానంలో కూర్చోబెట్టాడు.

వెదురు మీది ఆ ప్రేమకు భాషలో కూడా ఒక కారణం ఉంది. చైనా భాషలో వెదురు కణుపును సూచించే అక్షరమే నైతిక నిష్ఠను కూడా సూచిస్తుంది. బోలుగా ఉన్న లోపలి భాగం అహంకారం లేని మనసుకు గుర్తు. పైగా ఇప్పుడు షాంఘైలో భాగమైన జియాదింగ్‌లో ఝూ కుటుంబం మూడు తరాల పాటు వెదురు చెక్కడాన్ని ఒక చిత్రకళ స్థాయికి తీసుకెళ్లింది. కొండలు, దేవదారు చెట్లు, వాటి కింద ఆడుకుంటూనో చదువుకుంటూనో ఉన్న మనుషులు, అన్నీ ఒక్క వెదురు బొంగు గోడ మందంలోనే అరలు అరలుగా లోతుల్లోకి దిగుతాయి. చదువరుల బల్ల మీద ఆ పని ప్రమాణంగా నిలబడింది కనుక, ఆ తర్వాత పింగాణీ కుమ్మరి ఎవరితో పోటీపడాలో నిర్ణయమైపోయింది.

ఇక కత్తి సంగతి. ‘చెక్కడం’ అన్న ఒక్క మాట కింద వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. సన్నని మొనతో గీత గీయడం ఒకటి; దీనిలో మట్టి పెద్దగా తొలగదు. ఏటవాలుగా పట్టిన కత్తితో ఒక పక్క లోతుగా, మరొక పక్క పలచగా కోయడం రెండోది. సోంగ్ వంశపు కాలంలో (960–1279) హెబెయ్ ప్రాంతపు దింగ్ బట్టీలలో, షాన్‌షీలోని యావ్‌ఝోవ్ బట్టీలలో తామరలు, పూల తీగలు ఈ పద్ధతిలోనే వచ్చాయి. యావ్‌ఝోవ్ పాత్రలు నిజానికి బూడిద రంగు మట్టితో చేసినవి, మన లెక్కలో అవి పింగాణీ కావు. అయితే అధిక వేడిలో కాలి మోగే పాత్రలన్నిటినీ చైనా వాడుక ఒకే మాటతో పిలుస్తుంది. బొమ్మ చుట్టూ ఉన్న మట్టిని చెక్కేసి బొమ్మను ఉబ్బెత్తుగా మిగల్చడం ఇంకో పద్ధతి, వెదురు పనికి అన్నిటికంటే దగ్గరిది ఇదే. గోడను ఆరపార తొలిచి జాలీగా చేయడం మరొకటి. ముందే చెక్కిన అచ్చు మీద మట్టిని ఒత్తి తీయడం, విడిగా చేసిన కొమ్మను, బల్లిని తడి మట్టితో అతికించడం అసలు చెక్కడమే కావు, కాని చీటీల మీద ఆ మాటే ఉంటుంది.

ఈ తేడాలు పండితుల తగాదాలు కావు. అచ్చు నుంచి ఒకే బొమ్మ వందల సార్లు వస్తుంది. కత్తి నుంచి ఒక్కసారే వస్తుంది. అందుచేత రెండు పాత్రలు చూడటానికి ఒకేలా ఉన్నా వాటి వెనుక ఉన్న శ్రమ ఒకటి కాదు, కాబట్టి విలువ కూడా ఒకటి కాదు.

పింగాణీ మట్టితో చెక్కడపు పని చేయడం వెదురుతో చేయడం కంటే కష్టమనడానికి కారణాలున్నాయి. చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ ఊరి మట్టి రెండు పదార్థాల కలయిక: పొడి చేసి కడిగిన ‘పింగాణీ రాయి’, దగ్గరలోని గావ్‌లింగ్ కొండ పేరుతో ప్రపంచమంతా ‘కెయోలిన్’గా తెలిసిన తెల్లమట్టి. ఆ మిశ్రమానికి సాగే గుణం తక్కువ. మరీ తడిగా ఉండగా కోస్తే అంచులు చిరుగుతాయి, మరీ ఎండిన తర్వాత కోస్తే పెచ్చులు రాలుతాయి. లోతుగా చెక్కాలంటే గోడ మందంగా ఉండాలి, మందమైన గోడ ఎండేటప్పుడు పలచని చోటు, దళసరి చోటు ఒకే వేగంతో కుంచించుకోవు గనుక పగుళ్లు పుడతాయి. బట్టీలో మొత్తం వస్తువు పదో వంతుకు పైగానే కుంచించుకుపోతుంది. ఆ వేడిలో మట్టి కొద్దిగా మెత్తబడుతుంది కనుక వెనుక ఆధారం లేకుండా వేలాడే కొమ్మ వంగిపోవచ్చు. వెదురు చెక్కేవాడికి కనబడిందే చివరి రూపం. పింగాణీ చెక్కేవాడు తాను చెక్కుతున్న దానికంటే చిన్నదైన, కాస్త వంగిన, ఇంకా పుట్టని ఒక వస్తువును మనసులో ఉంచుకుని పని చేయాలి.

ఆ తర్వాత గాజుపూత అడ్డం వస్తుంది. పూత కరిగి లోతుల్లో మడుగు కడుతుంది, ఎత్తుల మీద పలచబడుతుంది. లేత ఆకుపచ్చ, నీలి ఛాయలున్న పూతల్లో ఇదే అందం. గీత లోతు రంగు లోతుగా మారి తానే బొమ్మ గీస్తుంది. కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1662–1722) రాతబల్ల కోసం చేసిన రాగి ఎరుపు ‘పీచు పండు రంగు’ వస్తువుల్లో, కవి లీ బాయ్ పేరుతో పిలిచే గుమ్మటం లాంటి నీటి పాత్ర ఒకటి ఉంది. దాని ఒంటి మీద మూడు గుండ్రని పాతకాలపు నాగు ముద్రలు పూత కింద సన్నగా గీసి ఉంటాయి, వెలుతురు పక్కవాటుగా పడితే గాని కళ్లకు ఆనవు. దాచిన చెక్కడాన్ని ఇష్టపడే ఈ సున్నితత్వం చదువరుల అభిరుచికి బాగా దగ్గరిది. కాని వెదురులా లోతైన చెక్కడం కావాలంటే ఇదే పూత శత్రువవుతుంది, ఎందుకంటే అది పదునైన అంచులన్నిటినీ గుండ్రం చేసి, చిన్న చిన్న ముఖాలను ముద్ద చేస్తుంది.

దీనికి దొరికిన పరిష్కారం పూతను వాయిదా వేయడం. ముందు పాత్రను పూత లేకుండానే అధిక వేడిలో కాల్చి, ఆ తర్వాత సీసం కలిసిన రంగు పూతలను పలచగా పూసి చాలా తక్కువ వేడిలో రెండోసారి కాలుస్తారు. లేదా పూత అసలు వేయకుండానే వదిలేస్తారు. పూత వేయని పింగాణీ ఛాయ పాత దంతపు రంగుకు దగ్గరగా ఉంటుంది, పసుపు పూత వెదురును తలపిస్తుంది. అనుకరణ పదార్థం లోపలి గుణం నుంచే పుట్టిందన్నమాట.

అనుకరణ అప్పటికే రాజసభలో ఒక విద్యగా మారింది. 1728లో జింగ్‌దెజెన్ చేరి దశాబ్దాల పాటు రాజ బట్టీలను చూసిన థాంగ్ యింగ్ (1682–1756) పేరు ఇక్కడ తప్పదు. 1735లో ఆయన నమోదు చేసిన జాబితాలో యాభైకి పైగా పూతలు, అలంకారాలు ఉన్నాయి, వాటిలో పాత బట్టీల అనుకరణలు చాలా. చియెన్‌లోంగ్ చక్రవర్తి కాలంలో (1736–1795) చెక్క చారలను, కంచు తుప్పును, ఎర్ర లక్క చెక్కడాన్ని పింగాణీలో చూపి, చేతిలోకి తీసుకుని బరువు, చల్లదనం తెలిసేదాకా కన్ను మోసపోయేలా చేయడం ఒక వినోదం. నా వరకు ఈ రాజసభ పనుల్లో నైపుణ్యం ఎక్కువ, ఊపిరి తక్కువ. కాని సాంకేతిక పునాది అక్కడే పడింది.

అసలు మలుపు పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. జింగ్‌దెజెన్‌లో ఒక్క పాత్ర తయారయ్యేలోపు డెబ్బై చేతులు మారుతుందని ఫ్రెంచి జెస్యూట్ మతబోధకుడు దాంత్రకోల్ 1712 నాటి ఉత్తరంలో రాశాడు. అంతకు ముందే 1637లో అచ్చయిన ఒక చైనా సాంకేతిక గ్రంథం ఆ సంఖ్యను డెబ్బై రెండుగా చెప్పింది. మట్టి తొక్కేవాడు, చక్రం తిప్పేవాడు, అంచు కోసేవాడు, గీత గీసేవాడు, రంగు నింపేవాడు వేరువేరు. ఏ పాత్రకూ ఒక కర్త లేడు. అడుగున ఉండేది చక్రవర్తి శకం పేరు, తరచుగా ఎప్పుడో గతించిన చక్రవర్తిది. అలాంటి ఊరి నుంచి దావ్‌గువాంగ్ చక్రవర్తి (1821–1850) కాలం నుంచి ‘చెన్ గువోజి చేసినది’, ‘వాంగ్ బింగ్‌రోంగ్ చేసినది’, ‘లీ యూచెంగ్ చేసినది’ అన్న ముద్రలతో కుంచెల పాత్రలు, నీటి పాత్రలు, ముద్ర డబ్బీలు, ముంజేతి పలకలు రావడం మొదలైంది. చెన్ గువోజి వారిలో పెద్దవాడు. వాంగ్ బింగ్‌రోంగ్ పని ఎక్కువగా థోంగ్‌జి, గువాంగ్‌షూ శకాలకు, అంటే శతాబ్దపు రెండో సగానికి చెందినదని చెబుతారు.

పేరు ఎందుకు వచ్చింది? కాలం ఒక కారణం. చింగ్ వంశపు పాలన మీద లేచిన తైపింగ్ తిరుగుబాటు యుద్ధాల్లో 1855లో రాజ బట్టీలు ధ్వంసమయ్యాయి. ఆస్థానం మీద ఆధారపడలేని పనివాడికి ప్రైవేటు కొనుగోలుదారుడే దిక్కు. ఆ కొనుగోలుదారుడు చదువరి గాని, చదువరిలా కనిపించాలనుకునే వర్తకుడు గాని అయి ఉంటాడు. రెండో కారణం బల్ల మీదే ఉంది. చిత్రం గీసినవాడు, పద్యం రాసినవాడు కింద ముద్ర వేస్తాడు, సాన యజమాని సాన మీద పేరు చెక్కిస్తాడు, వెదురు చెక్కేవాడు కూడా సంతకం చేస్తాడు. అందరూ సంతకం చేసే చోటుకు వెళ్లే వస్తువు మీద మట్టి పనివాడు కూడా తన పేరు పెట్టుకున్నాడు. విందు పళ్లెం మీద, గదిలో నిలబెట్టే పూలకుండీ మీద అది కుదరలేదు. అరచేతిలో ఇమిడే, తీరికగా తిప్పి చూసే ఈ చిన్న వస్తువు మీద కుదిరింది. చెక్కడం ఒక్కరి చేతి పనిగా మిగలడం కూడా దీనికి తోడ్పడింది, ఎందుకంటే గీతను ఒకరు గీసి రంగును మరొకరు నింపినట్టు లోతును ఇద్దరు పంచుకోలేరు.

వీరి మంచి పాత్రల్లో దేవదారు కింద కూర్చున్న ఏడుగురు వెదురుతోపు జ్ఞానులు (కొలువులకు దూరంగా వెదురుతోపులో కలుసుకున్నారని చెప్పే పాతకాలపు పండితులు), క్రీ.శ. 353లో ప్రసిద్ధ కుంచె రాతగాడు వాంగ్ షీఝీ ఆర్కిడ్ మంటపం దగ్గర జరిపిన కవుల సమావేశం, తామరల మధ్య కొంగలు, వికసించిన ప్లమ్ కొమ్మలు తరచుగా కనిపిస్తాయి. బొమ్మల్లో శ్లేష కూడా ఉంది. కొంగ, తామర కలిసి ఉంటే వాటి పేర్లు ‘దారి పొడవునా వరుసగా పరీక్షలు నెగ్గాలి’ అన్న ధ్వనినిస్తాయి. సివిల్ పరీక్షలే జీవితాన్ని తేల్చే సమాజంలో అంతకంటే మంచి కానుక ఉండదు. అవధానంలో ఒక పదాన్ని రెండర్థాలతో విరిచి చెబితే సభ చప్పట్లు కొట్టే మన భాషవాళ్లకు ఈ సరదా కొత్తగా అనిపించదు.

కాబట్టి చేతిలోకి వచ్చిన పాత్ర నిజంగా చెక్కినదా, నిజంగా పాతదా అన్న ప్రశ్నకు జవాబు అడుగున కాకుండా ఒంటి మీద మొదలవ్వాలి. చెట్టు మొదలు వెనుక, మనిషి చేతి కింద కత్తి దూరి కోసిన ఖాళీ ఉందా చూడాలి. అచ్చు నుంచి ఊడి రావాల్సిన బొమ్మకు అలాంటి లోపలి కోత ఉండదు, ఉంటే అచ్చు తీశాక చేతితో సవరించినట్టు. ఆకులన్నీ ఒకే లోతులో, ఒకే వాలులో ఉంటే అనుమానించాలి. నేపథ్యంలో కత్తి నడిచిన సన్నని చారలు, ఒక్కొక్క చోట తడబడిన గీత మంచి సూచనలు. పాత్ర లోపలి గోడను వేలితో తడిమితే బొమ్మకు సరిగ్గా వెనుక గుంటలు, ఒత్తిన ఆనవాళ్లు తగులుతున్నాయా అన్నది కూడా చాలా చెబుతుంది. రంగు పూత ఉన్నట్లయితే అది ముక్కుల మీద, మడతల అంచుల మీద పలచబడి, మూలల్లో మాత్రమే నిలిచిందా, లేక అంతటా ఒకే మందంతో ప్లాస్టిక్ తొడుగులా ఉందా గమనించాలి.

అడుగు భాగం వయసును చెబుతుంది, కర్తను కాదు. పదిహేడో శతాబ్దపు మధ్య భాగానికి చెందిన కుంచెల పాత్రల అడుగులు తరచు చదునుగా, పూత లేకుండా ఉంటాయి. మూతి, అడుగు అంచుల్లో సన్నని దాచిన గీతల పట్టీలు ఉంటాయి. కాంగ్‌షీ కాలపు వాటిలో మధ్యలో పూత పూసిన చిన్న గుంట, దాని చుట్టూ పూత లేని వెడల్పు వలయం కనబడే రకం ప్రసిద్ధం. అయితే ఇవి తెలిసినవాడికే కాదు, నకలు చేసేవాడికి కూడా తెలుసు. అడుగున ఇనుము కలిసిన గోధుమరంగు పులమడం, ఆమ్లంతో మెరుపు చంపడం, చెక్కడపు మూలల్లో మట్టి కూరడం పాత ఎత్తుగడలు. నిజమైన అరుగుదల చెయ్యి తగిలే చోట, బల్లకు ఆనే చోట వస్తుంది; కావాలని చేసినది అన్ని చోట్లా సమానంగా ఉంటుంది.

పేరు విషయానికి వస్తే పరిస్థితి మరీ ఇబ్బందికరం. 1905లో సివిల్ పరీక్షలు రద్దయ్యాయి, కుంచె స్థానంలోకి మెల్లగా ఉక్కు పాళీ వచ్చింది, ఈ పాత్రలు రాతబల్ల మీది నుంచి అలంకారపు అరల మీదికి ఎక్కాయి. జింగ్‌దెజెన్‌లో చెక్కడపు పని మాత్రం ఆగలేదు, వాంగ్ బింగ్‌రోంగ్ పేరు వాడటం కూడా ఆగలేదు. ఆయన బతికుండగా ఆయన పనిశాలలో ఆయన చూసి పంపిన పాత్ర, శిష్యుడి పాత్ర, తర్వాతి తరం ఆయన శైలిలో చేసిన పాత్ర, ఈ మధ్యే అమ్మకానికి చేసిన పాత్ర, ఈ నాలుగింటి అడుగునా అవే అక్షరాలు ఉండవచ్చు. చెక్కిన పేరు గీతలో కత్తి బరువు మారుతుంది, అక్షరం మూలలో మట్టి చిన్నగా లేచి ఉంటుంది. ఒత్తిన ముద్రలో అదేమీ ఉండదు. అయితే అసలు పాత్రల మీద కూడా ముద్ర ఒత్తేవారు కనుక ఈ తేడా కూడా తీర్పు కాదు. డెబ్బై చేతుల మధ్య నుంచి ఒక మనిషి ఎంతో కష్టపడి బయటికి లాక్కున్న పేరు, చివరికి ఎవరైనా ఎత్తి తడి మట్టి మీద ఒత్తగల ఒక చిన్న అచ్చుగా మారింది.